మరుపు మందు

మా వార్డుకు కొత్తగా వచ్చే హౌస్‌సర్జన్లకు మొదటి రోజే నేనొక కుటుంబాన్ని పరిచయం చేసేవాణ్ణి. సెఫలోస్పోరిన్ల కుటుంబం, ఐదు తరాలది. మొదటి తరంలో పెద్దాయన సెఫాలెక్సిన్. చర్మం మీద పుండ్లకూ చిన్నాచితకా దెబ్బలకూ ఆయనే దిక్కు. ఆయన తమ్ముడు సెఫజోలిన్, ఆపరేషన్ బల్ల దగ్గర కత్తి పెట్టకముందే హాజరవుతాడు. రెండో తరం సెఫ్యూరాక్సిమ్ చెవి, గొంతు, ఊపిరితిత్తుల సంగతి చూసుకుంటుంది. మూడో తరం సెఫ్ట్రియాక్సోన్ గట్టి పిండం, టైఫాయిడ్‌ని దించుతుంది, మెదడు పొరల దాకా వెళ్లి అక్కడి జ్వరాన్ని కూడా పట్టుకుంటుంది. నాలుగో తరం సెఫిపిమ్ ఐసీయూ గడప దాటి బయటికి రాదు. ఐదోది సెఫ్టారోలిన్, ఎవరికీ లొంగని మొండి స్టాఫిలోకాకస్ క్రిములు దానికి లొంగేవి. పిల్లలు నవ్వుకుంటూ రాసుకునేవారు. నేనూ మంచి మేష్టారినని మురిసిపోయేవాణ్ణి.

ఆ మురిపెం ఎంతో కాలం నిలవలేదు. ఒక్కో తరమూ చేతులెత్తేస్తూ వచ్చింది. క్రిములు ఒక కత్తెరలాంటి ఎంజైమును తయారుచేసుకున్నాయి. అది మందును నడుం దగ్గర పుటుక్కున తెంపేస్తుంది. ఆ కత్తెర ఎలా చెయ్యాలో చెప్పే జన్యువు చిన్న చుట్టలా ఉంటుంది, ఒక క్రిమి దాన్ని పక్క క్రిమికి ఇట్టే అందిస్తుంది. దీనికి మనుషులందరం మన వంతు సాయం చేశాం. దగ్గుకీ తుమ్ముకీ మూడో తరం ఇంజెక్షన్ పొడిచే వైద్యులు, జ్వరం తగ్గగానే మిగతా బిళ్లలు అలమరలో దాచుకునే జనం, కోళ్లకీ రొయ్యలకీ మేతలో కలిపేసే రైతులు, వీళ్లను చూసి లోపల్లోపల ఉడికిపోవడం తప్ప ఏమీ చెయ్యని నాలాంటి వాళ్లు. చివరికి సిజేరియన్ కుట్లు చీముపట్టిన ఒక బాలింతకు ఇవ్వడానికి నా దగ్గర ఏ తరమూ మిగలని రోజు వచ్చింది. తల్లి పోయిన ఆ పసిబిడ్డను వాళ్లమ్మమ్మ ఎత్తుకుని వెళ్లిపోయింది. నేను ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని అన్నం ముట్టుకోలేకపోయాను.

నా భార్య వకుళ కంచం పక్కకు జరిపి ఎదురుగా కూర్చుంది.

"మీరంతా ఆరో తరం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు. అదండీ మీ తప్పు. ఆరో తరం వస్తే ఆరో కత్తెర వస్తుంది. కొత్త మందు కాదు కావలసింది. వాటి చేత ఆ విద్య మరిపించాలి."

"క్రిములకు మతిమరుపు తెప్పిస్తావా?"

"తెప్పిస్తాను. మీకు పుట్టుకతో వచ్చింది కదా, వాటికి రాకపోతుందా" అంది. ఆ మాటకు ఆ రోజు కూడా నవ్వొచ్చింది.

వకుళ మా ఊరి చివర ఫార్మసీ కాలేజీలో సూక్ష్మజీవుల ప్రయోగశాల నడిపేది. ప్రయోగశాల అంటే పెద్దదేమీ కాదు, రెండు గదులు, పదేపదే పాడయ్యే ఒక ఫ్రీజరు, షకీలా అనే ఒక సీనియర్ టెక్నీషియను. ఆ రెండు గదుల్లోనే ఏళ్ల తరబడి గింజుకుని వకుళ ఒక తెల్లటి పొడి తయారుచేసింది. దానికి కాగితాల మీద ఏదో అంకెల పేరుంది. మేము మాత్రం మరుపు అనేవాళ్లం.

అది పనిచేసిన రోజు నన్ను ఓపీ మధ్యలోంచి పిలిపించింది. బల్ల మీద రెండు గాజు పళ్లేలు ఉన్నాయి. రెండింట్లోనూ మా వార్డులో ఒక రోగి చీములోంచి తీసిన క్రిములే, మధ్యలో సెఫాలెక్సిన్ అద్దిన చిన్న కాగితపు బిళ్ల. మొదటి పళ్లెంలో క్రిములు ఆ బిళ్ల అంచు దాకా పాకి, ఒరుసుకుని కూర్చున్నాయి. రెండో పళ్లెంలో మరుపు కలిపారు. అక్కడ బిళ్ల చుట్టూ వేలి వెడల్పు మేర శుభ్రంగా ఖాళీ.

"పెద్దాయన మళ్లీ డ్యూటీలో చేరారు సార్" అంది షకీలా. నా కుటుంబకథ కాలేజీ దాకా పాకిందన్నమాట.

వకుళ కళ్లు తుడుచుకుంటోంది. నేను డాక్టర్లా ఒక ప్రశ్న వేశాను. "మరిచిపోయిన ఆ జన్యువు ఏమవుతుంది?"

"క్రిమి దాన్ని బయటికి తోసేస్తుంది. మన ఒంట్లో అయితే అలాంటి తెగిన జన్యువుల్ని అరిగించేసే ఎంజైములున్నాయి. చూస్తుండగానే పొడైపోతుంది. మందు కూడా ఒంట్లోనే విరిగిపోతుంది, చుక్క బయటికి రాదు."

"ఒంటి బయట వాడితే?"

"వాడకూడదు. నీళ్లలో అసలు కలవకూడదు." వకుళ వెంటనే సింకు వైపు చూసింది. ప్రయోగశాలలో కడిగిన నీళ్లన్నీ డబ్బాలకెత్తి కొలిమిలో ఆవిరి చేయించేది. కాలువలోకి ఒక్క చెంబు కూడా పోనిచ్చేది కాదు.

జంతువుల మీద ప్రయోగాలు అయ్యాయి. మనుషుల మీద అనుమతి కోసం కాగితాలు తిరుగుతున్నాయి. అంతలో మా మావగారు కాలు తెగ్గోసుకున్నారు.

మా మావగారు పేర్రాజుగారు నరసాపురం అవతల, సముద్రపు పాయ పక్కన రొయ్యల చెరువులు చేసేవారు. అత్తగారు పోయాక ఆయనకు ఆ చెరువులూ, ఈ ఒక్క కూతురూ తప్ప ఇంకో ధ్యాస లేదు. చక్కెర జబ్బున్న మనిషి. గట్టు మీద చెప్పులేసుకు తిరగండి మహాప్రభో అని నేను మొత్తుకుంటే, "రొయ్యలు చెప్పులేసుకున్నాయేంటండీ అల్లుడుగారూ" అనేవారు. నీళ్లలో గాలి కలిపే ఏరేటరు రెక్క ఒకటి ఊడి బురదలో పడింది. దాని మీద కాలేశారు.

పెద్దాయన సెఫాలెక్సిన్‌తో మొదలుపెట్టాను. తరం మార్చాను, మళ్లీ మార్చాను. ఐదో తరం సీసా వేలాడుతుండగా పాదం నల్లబడి, మచ్చ చీలమండ దాటింది. కాలు తీసెయ్యడానికి సర్జను మోకాలు కింద గీత గీశాడు. అప్పటికే ప్రాణానికి కూడా భరోసా లేదన్నాడు. వకుళ ఆ పూటంతా ఫోన్లు పట్టుకుని అధికారుల వెంట పడింది. ఇక వేరే దారి లేని రోగికి మరుపు ఇవ్వడానికి సాయంత్రానికి అనుమతి వచ్చింది. తీరా కాగితం చేతికొచ్చాక ఆమె దాన్ని మడిచి పట్టుకుని ఆయన మంచం దగ్గరికి వచ్చింది.

"నాన్నగారూ, ఇది ఇంతవరకు ఏ మనిషికీ ఇవ్వలేదండి. ఏమవుతుందో నాకే తెలీదు."

పేర్రాజుగారు దిండుకు చేరబడి కూతుర్ని దగ్గరికి పిలిచారు. "అమ్మలూ, కొత్త మేత కొంటే చెరువంతా చల్లేస్తామా? కాస్త చెక్ ట్రేలో పోసి నీళ్లలోకి దించి, తిన్నాయో లేదో చూస్తాం గదా. నీ మందుకి నేను చెక్ ట్రే అనుకో."

"రొయ్యలు తినకపోతే మేత మార్చుకుంటారు. మీకేమన్నా అయితే నేను ఇంకో నాన్ననెక్కణ్ణుంచి తెచ్చుకోను?"

"ఏం కాదు లేవే తల్లీ. ఇవ్వు, ఇవ్వు" అంటూ ఆయనే నోరు తెరిచారు.

మరుపు ఒక బిళ్ల, సెఫాలెక్సిన్ ఒక బిళ్ల. జ్వరం దిగింది. నలుపు ఆగింది. సర్జను గీసిన గీతతో పనిలేకుండానే పాదం మీద కొత్త చర్మం పాకింది. నా వృత్తి జీవితంలో నేను చూసిన మొదటి అద్భుతం అదే, నా ఇంట్లోనే జరిగింది. ఇంటికి పంపేటప్పుడు వకుళ బిళ్లలన్నీ స్ట్రిప్పుల్లో సర్ది, "పూర్తిగా తగ్గిందనిపించినా సరే చివరి బిళ్ల దాకా మింగాలి. ఖాళీ స్ట్రిప్పులు తెచ్చి నాకు చూపించాలి" అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

ఆయన చెప్పిన గడువుకు ఖాళీ స్ట్రిప్పులన్నీ రబ్బరుబ్యాండు వేసి తెచ్చి బల్ల మీద పెట్టారు. వకుళ వాటిని చూసి, "మా నాన్నగారంత బుద్ధిమంతుడు మీ వార్డులో ఒక్కడైనా ఉన్నాడా" అని నన్ను దెప్పింది. లేడని ఒప్పుకున్నాను.

తర్వాత ఒక ఆదివారం ఆయన మమ్మల్ని భోజనానికి పిలిచారు. వెళ్లేసరికి చిన్న చెరువులోంచి పట్టిన రొయ్యలు గంగాళంలో ఎగురుతున్నాయి. ఆ రొయ్యలు నిజంగా చూడముచ్చటగా ఉన్నాయి, ఒక్కోటీ అద్దంలా తళతళలాడుతోంది. ఇంకొకళ్లు ఒలిస్తే నీసు వాసన పోదని వకుళ నమ్మకం. కొంగు బొడ్లో దోపుకుని తనే పీట వేసుకు కూర్చుంది. పది రొయ్యలు ఒలిచిందో లేదో, ఒకదాని తల మీది ముల్లు కుడిచేతి చూపుడువేలిలో దిగింది.

"ఇన్నేళ్లయినా నాకు ఇవి లొంగవండీ" అని వేలు నోట్లో పెట్టుకోబోయింది. నేను డాక్టరు బుద్ధి పోనిచ్చుకోక కుళాయి కింద పెట్టించాను. రొయ్యల ఇంట్లో అదొక దెబ్బే కాదు. ఆమె మళ్లీ పీట మీద కూర్చుంది.

పేర్రాజుగారు వడ్డిస్తూ ఉండబట్టలేకపోయారు. "తినండి అల్లుడుగారూ, మొహమాటపడకండి. ఇవి మామూలు రొయ్యలు కావండీ, చచ్చి బతికినవి. చిన్న చెరువులో విబ్రియో క్రిమి పడిపోయిందండి, మేత ముట్టట్లేదు, పొద్దున్నే గట్టుకి కొట్టుకొచ్చేస్తున్నాయి. ఏ మందేసినా లాభం లేదు. అప్పటికి నా కాలు మానిపోయింది గదా. ఇంకా నాకెందుకీ బిళ్లలు, నన్ను బతికించిన మందు నా రొయ్యల్ని బతికించదా అనిపించిందండి. మిగిలినవన్నీ విప్పి, అరటిపండు గుజ్జులో కలిపి, మేతకి పట్టించి చల్లాను. మూడో రోజుకి చెక్ ట్రే ఖాళీ! ఊళ్లో అందరూ వచ్చి చూసి నోరెళ్లబెట్టారంటే నమ్మండి. మా అమ్మాయి మందు అని చెప్పాను. మందు పేరు మాత్రం చెప్పలేదులేవే, అది నీ రహస్యం గదా."

నేను వకుళ వైపు చూశాను. ముద్ద నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. ఆయన ముఖం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూసి ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది.

"ఎన్నాళ్లయింది నాన్నగారూ?"

"నెల దాటిందమ్మలూ."

"ఆ చెరువు నీళ్లు బయటికి వదిలారా?"

"లేదు లేదు. నీటి రంగు బాగా కుదిరింది, వదలబుద్ధి కాలా. ఇదిగో ఆ పక్కాయన కూడా అడుగుతున్నాడు, కొత్తగా కట్టిన చెరువులోకి కాస్త నీళ్లు తోడుకెళ్తానని."

మా వైపు అది మామూలే. ఒక చెరువు బాగా తయారైతే, ఆ నీళ్లు కాసిని తోడి కొత్త చెరువులో పోస్తారు, పాలల్లో తోడు వేసినట్టు. ఎవరూ కాదనరు.

"ఇవ్వకండి నాన్నగారూ. నేను పరీక్ష చేసి చెప్పేదాకా ఒక్క బిందె కూడా ఎవరికీ ఇవ్వకండి, కాలువలోకి వదలకండి" అంది వకుళ. ఎందుకని ఆయన అడగలేదు. ఆమె చెప్పింది కాబట్టి సరేనన్నారు.

కారెక్కాక వకుళ సీసాలో తెచ్చుకున్న చెరువు నీళ్లు ఒళ్లో పెట్టుకుంది. నేనే అడిగాను, ఎంత ప్రమాదమని.

"రొయ్యలు పెంకు విడుస్తాయి కదండీ. చెరువు అడుగంతా ఆ పెంకులే. విబ్రియో పెంకు మీద కూర్చుందంటే, చుట్టుపక్కల నీళ్లలో ఏ జన్యువు తేలుతున్నా తీసి మింగుతుంది. దాని స్వభావమే అంత. మరుపు చెరువులోని మిగతా క్రిములన్నింటి చేతా ఇన్నేళ్ల విద్యనీ కక్కించింది. ఐదు తరాల కత్తెరలూ ఆ నీళ్లలో తేలాయి. ఏరుకోవడానికి విబ్రియో పెంకుల మీద కాచుక్కూచుంది."

"రొయ్యలు బతికాయి కదా?"

"రొయ్యలకు జబ్బు చేసే రకం చచ్చింది. మనుషులకు జబ్బు చేసేది బతికిందేమో చూడాలి." వేలు చూసుకుంది. ముల్లు దిగిన చోట కాస్త ఎర్రగా ఉంది. "ఆయన మీద అరిచి ఉండాల్సింది. ఆ ముఖం చూసి నోరు రాలేదండీ. రేపు చెబుతాను."

సాయంత్రానికి ఆమెకు చలిజ్వరం వచ్చింది. మర్నాడు పొద్దున్నకి చెయ్యి మణికట్టు దాకా వాచి, నల్లటి నీటి బొబ్బలు లేచాయి. ఆ విబ్రియో బొబ్బల్ని నేను సముద్రం మీదికి వెళ్లేవాళ్ల కాళ్ల మీద ఎన్నోసార్లు చూశాను. మూడో తరం మందు, దానికి తోడుగా ఇంకొకటి వేస్తే సగం మందైనా బతికేవారు. నా చేత్తోనే సూది పెట్టాను. నాలుగో తరం, ఐదో తరం కూడా వరసగా ఎక్కించాను. సర్జను చేతిని మొదట వేలి దగ్గర, మధ్యాహ్నం మణికట్టు దగ్గర, ఆ తర్వాత మోచేతి పైన కోశాడు. గీత దాటి నలుపు ముందుకే నడిచింది.

వకుళ చేతి చీములోంచి తీసిన క్రిములున్న గాజు పళ్లెం పట్టుకుని షకీలా ఐసీయూ తలుపు దగ్గర నిలబడింది. వకుళ ఎడమ చెయ్యి చాపి చూపించమంది. పళ్లెం చుట్టూ ఐదు తరాల బిళ్లలు, మధ్యలో మరుపు. ఏ బిళ్ల చుట్టూ గోటిమందం ఖాళీ కూడా లేదు.

"ఏదీ మరిచిపోలేదు చూడండి" అంది వకుళ మెల్లగా. "నేను దేశంలో క్రిములన్నిటికీ మతిమరుపు తెప్పిద్దామనుకున్నాను. ఒకదానికి అన్నీ నేర్పించాను."

"నువ్వు నేర్పలేదు, వకుళా."

"మరి ఎవరు నేర్పారంటారు? మా నాన్నగారా?"

అప్పటికీ మరుపు తెప్పించి, రెట్టింపు మోతాదులో ఎక్కించాను. కక్కినట్టే కక్కి, ఒంట్లోని ఎంజైములు అరిగించేలోపే మళ్లీ ఏరుకుంది ఆ దిక్కుమాలిన క్రిమి. ఇరవై ఏళ్లు వైద్యం చేసినవాణ్ణి, భార్య మంచం పక్కన సీసాలు మారుస్తూ ఉత్తచేతులతో నిలబడ్డాను. అంత నిస్సహాయత పగవాడికి కూడా వద్దు.

పేర్రాజుగారు బయట బెంచీ మీద కూర్చున్నారు. ఎవరు చెప్పినా ఇంటికి వెళ్లలేదు. నేను బయటికొస్తే చాలు లేచి నిలబడి నా రెండు చేతులూ పట్టుకునేవారు.

"నాకిచ్చిన మందే దానికీ ఇవ్వండి అల్లుడుగారూ."

"ఇచ్చామండి."

"సరిపోయిందంటారా? నా బిళ్లలు ఉంచుకోవలసిందండి నేను. వెధవ రొయ్యల కోసం చల్లేశాను. అవి ఉంటే ఇప్పుడు బిడ్డకి అక్కరకొచ్చేవి గదండీ. నా కూతురి మందు నేనే నీళ్లపాలు చేశాను" అంటూ నుదురు కొట్టుకున్నారు.

"మందు తక్కువై కాదండి. అలా అనుకోకండి" అన్నాను.

లోపలికి వెళ్తే ఆమె అడిగింది, నాన్నగారేమంటున్నారని. చెప్పాను. కళ్లు మూసుకుంది. మూసిన రెప్పల కిందనుంచి నీళ్లు కారాయి.

"ఆయనకి అసలు సంగతి చెప్పకండి. చెప్తే ఆయనింక మెతుకు ముట్టడు. చెరువు మాత్రం చంపించాలి. బ్లీచింగు కొట్టించి, ఎండబెట్టించి, రొయ్యలన్నీ సున్నంలో పాతించాలి. రొయ్యల్ని చెరువుకు చెరువే ఊడ్చేసే తెల్లమచ్చ తెగులు వచ్చిందని చెప్పండి. తెల్లమచ్చ అంటే రైతు ఇంకో మాట అడగడు."

"సరే."

"నాకు మాటివ్వండి."

ఇచ్చాను. ఆమె ఎడమ చెయ్యి నా అరచేతిలో ఉంది. మర్నాడు మధ్యాహ్నానికి ఆ చెయ్యి చల్లబడింది. చుట్టూ మిగతా పేషెంట్లు ఉన్నారు, నర్సులు ఉన్నారు. నేను గట్టిగా ఏడ్చాను. సిగ్గేమీ అనిపించలేదు.

కార్యక్రమాలు ఇంకా మిగిలి ఉండగానే నాలుగో రోజు పొద్దున్నే నరసాపురం బయల్దేరాను. అధికారులకు రిపోర్టు పంపడం డాక్టరుగా నా బాధ్యత, పంపితే జీపులేసుకుని వస్తారు, ఊరందరి ముందూ ఆయన్ని నిలబెట్టి కారణం చదివి వినిపిస్తారు. అంతకంటే ముందు నేనే వెళ్లి ఆమె చెప్పిన అబద్ధం చెప్పి చెరువు చంపిద్దామనుకున్నాను. బ్లీచింగ్ బస్తాలు వ్యానులో వేయించుకుని వెళ్లాను.

పేర్రాజుగారు చిన్న చెరువు గట్టు మీద కూర్చుని ఉన్నారు. గడ్డం పెరిగింది, చొక్కా మాసిపోయింది. పక్కనే పక్క చెరువు రైతు మోటారు పైపు చుట్ట విప్పుతున్నాడు.

"రండి అల్లుడుగారూ" అని ఆయనే లేవబోయారు. నేను పైపు వైపు చూడడం గమనించి చెప్పారు. "నీళ్లు అడుగుతున్నాడండి పాపం. అమ్మాయి పరీక్ష చేసేదాకా ఆగమంది. ఇంకెవరు చేస్తారండీ పరీక్ష? తీసుకెళ్లమన్నాను."

"వద్దండి. ముందు ఆయన్ని ఇంటికి పంపెయ్యండి. ఈ చెరువులో తెల్లమచ్చ ఉంది. పరీక్షలో తేలింది. ఇవాళే చంపెయ్యాలి."

తెల్లమచ్చ మాట వినగానే పక్కాయన పైపు వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు, ఆ వెంటనే వెళ్లిపోయాడు. పేర్రాజుగారు మాత్రం నీళ్లలోంచి చెక్ ట్రే పైకి లాగారు. మేత లేదు, రొయ్యలు ఎగురుతున్నాయి. ఒకదాన్ని పట్టుకుని, తల మీది పెంకు గోటితో ఒలిచి, ఎండకు ఎత్తి పట్టి నాకు చూపించారు.

"ఎక్కడండీ మచ్చ?"

నేను దాన్ని చూశాను. పెంకు అద్దంలా ఉంది, అవతలి ఆకాశం కనబడుతోంది.

"తెల్లమచ్చ వస్తే మూడు రోజుల్లో చెరువంతా తేలిపోద్దండి. ఇవి చూడండి, ఎలా ఉన్నాయో. నలభై ఏళ్ల నుంచి రొయ్య చేస్తున్నాను, ఎవరో మీకు తప్పు చెప్పారు." ఆయన ఆ రొయ్యను మెల్లగా నీళ్లలోకి వదిలారు. "వీటిని పట్టించి అమ్మను కూడా అమ్మనండి ఇంక. వీటికి నా కూతురి చేతి మందు పడింది. అది చేసిన పనిలో నాకు కనబడేది ఇదొక్కటేనండి. పొద్దున్నే వచ్చి కూర్చుంటున్నాను. ఇవి మేత తింటుంటే అది ఎదురుగా తిరుగుతున్నట్టే ఉంది. వీటినెలా చంపమంటారండీ?"

ఇంకో అబద్ధం కోసం వెతికాను. నాకు రొయ్యల సంగతి తెలియదు. తెలిసిన వాళ్లెవరూ ఆయన ముందు నిలవలేరు. సంగతి చెప్పకుండా వెళ్లిపోదామా అనుకున్నాను. తెల్లమచ్చ కాదని ఆయన నోట వింటే పక్కాయన రేపే మళ్లీ పైపు వేస్తాడు. ఆ చెరువులోంచి ఇంకో చెరువులోకి, అక్కణ్ణుంచి కాలువలోకి. ఈ పాయ పొడుగునా రొయ్యలు ఒలిచే షెడ్లున్నాయి, ఆ షెడ్లలో ముళ్లు గుచ్చుకోని ఆడపిల్ల చెయ్యి ఒక్కటి లేదు.

గట్టు మీద ఆయన పక్కన కూర్చున్నాను. మొత్తం చెప్పాను. రొయ్యలకు వేసిన బిళ్లలు ఏం చేశాయో, పెంకుల మీద ఏం పుట్టిందో, ఆ ఆదివారం వేలిలో ఏం దిగిందో. డాక్టర్లకు అలవాటైన గొంతుతో, కింద చూస్తూ చెప్పాను. చెప్పడం అయ్యాక ఆయన చెక్ ట్రే మళ్లీ నీళ్లలోకి దించారు.

"అమ్మాయికి తెలుసాండీ?"

"తెలుసండి. ఆ రోజు భోజనాల దగ్గరే తెలిసింది."

"నన్నేమీ అనలేదు."

"అనలేకపోయిందండి."

"పోయే ముందు ఏమన్నా అందాండీ?"

"మీకు చెప్పొద్దంది. నా చేత మాట తీసుకుంది."

ఆయన నా వైపు తిరిగారు. ఆ కళ్లలో కోపం ఉంటే బాగుండేదనిపించింది. "మరి మీరెందుకు చెప్పారండీ అల్లుడుగారూ?"

కాలువ గురించి, షెడ్ల గురించి, అక్కడి ఆడపిల్లల గురించి చెప్పవలసింది నా దగ్గర చాలా ఉంది. అదేదీ వినకుండానే ఆయన లేచారు. ఏరేటర్ల మోటార్లు ఒక్కొక్కటీ ఆపుకుంటూ గట్టు చుట్టూ నడిచి వచ్చారు. షెడ్డులోకి వెళ్లి, ఎప్పుడూ వేసుకోని రబ్బరు బూట్లు వేసుకుని, వ్యాను దగ్గరికి వెళ్లి మొదటి బ్లీచింగ్ బస్తా భుజానికెత్తుకున్నారు.

నేను రెండో బస్తా మీద చెయ్యి వేశాను.

"ఆగండి" అన్నారు. బస్తా కింద పెట్టి నా దగ్గరికొచ్చారు. "చేతులు చూపించండి."

చాపాను. ఆయన నా వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి, గోళ్ల సందులూ అరచేతులూ ఎండకు తిప్పి తిప్పి చూశారు. ఎడమ బొటనవేలి మీద ఎప్పటిదో చిన్న గీరుడు ఉంది. దాన్ని దాటి ఆయన వేలు కదల్లేదు.

"మీరు నీళ్ల దగ్గరికి రాకండి బాబూ" అన్నారు. "ఇక్కడే ఉండండి."

బస్తా ఎత్తుకుని ఒక్కరే గట్టు దిగారు. నేను అక్కడే నిలబడ్డాను.